ఐరన్లు మార్చాలా అని అడిగావు కదా

చిరంజీవులు చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య దీవెనలు. ఇక్కడ అంతా క్షేమం. కాలవలు కట్టేశారు, దాళ్వా కోతలు అయిపోయాయి, మన చేను ఎండి నెర్రెలిచ్చింది. అంటే నా గోల్ఫ్ సీజను మొదలైనట్టే. పొద్దున్నే సంచీలో 30 బంతులు, చేతిలో రెండు ఐరన్లు, అంటే ఇనప తల ఉన్న గోల్ఫ్ కర్రలు, పట్టుకుని గట్టు మీద వెళ్తుంటే "ఆ ఇనప కర్రలు పాముల కోసమాండీ?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

చిన్నోడా, ఫోన్లో నువ్వడిగినదానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నేనిచ్చిన సెట్‌కి 30 ఏళ్ళు, నీ స్నేహితుడు కొత్తది కొన్నాడు, వాడి 7 ఐరన్ నీ 7 కన్నా 20 గజాలు ఎక్కువ పోతోంది, లక్ష రూపాయలు పెట్టి మనమూ మార్చేద్దామా అన్నావు. ముందు ఆ 20 గజాల సంగతి తేల్చుకుందాం. బుజ్జమ్మకి ఈ ఆట తెలీదు కాబట్టి దానికీ అర్థమయ్యేలా చెప్తాను.

ఐరన్‌కి ఉండే ఇనప తల నిటారుగా ఉండదు, ముఖం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలుని లాఫ్ట్ అంటారు, డిగ్రీల్లో కొలుస్తారు. వాలు తక్కువైతే బంతి కిందగా, దూరంగా పోతుంది. ఎక్కువైతే ఎత్తుకి లేచి దగ్గర్లో పడుతుంది. ఏ కర్ర ఎంత దూరానికో తెలియడానికి అడుగున అంకె ఉంటుంది: 3, 4 దూరానికి, 8, 9 దగ్గరికి, ఇంకా దగ్గరికైతే వెడ్జ్‌లు. తమాషా ఏంటంటే, ఫలానా అంకెకి ఫలానా వాలు ఉండాలని ఆట నియమాల్లో ఎక్కడా లేదు. 1980ల్లో 7 ఐరన్‌కి 35, 36 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు మనలాంటి మామూలు ఆటగాళ్ళకి అమ్మే సెట్లలో చాలావాటికి 28 నుంచి 30. అంటే మీ వాడు కొట్టింది మన లెక్కలో 5 ఐరన్, అడుగున అంకె మాత్రం 7. ఈ ఊరి కుంచం ఆ ఊరి కుంచం ఒకటి కాదని మా నాన్న ధాన్యం కొలిచేటప్పుడు అనేవాడు. ఇదీ అంతే.

అలాగని మొత్తం కనికట్టే అనను. కొత్తవాటిలో బరువు బాగా అడుక్కి దించారు, అందుకని వాలు తగ్గించినా బంతి పైకి లేస్తుంది. ముఖం రేకు పల్చన చేశారు, అది కొంచెం స్ప్రింగులా తోస్తుంది. కానీ ఆ 20 గజాల్లో ఎక్కువ భాగం అంకె మారినందువల్ల వచ్చిందే.

ఇది నాకెలా తెలుసంటే, నేనే ఒకసారి బోల్తా పడ్డాను. విశాఖలో ఉద్యోగం చివరి రోజుల్లో ఒక షాపుకి వెళ్తే నెట్‌లోకి పది బంతులు కొట్టించి తెర మీద దూరాలు చూపించారు. నా పాత 7 తో 130 గజాలు, కొత్త 7 తో 145. మనసు ఆగలేదు, అక్కడికక్కడే కొనేశాను. ఆ ఆదివారమే ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో గుంత దగ్గరి జెండా 85 గజాల్లో ఉంది. పిచింగ్ వెడ్జ్ తీస్తే 105 పోతుంది, శాండ్ వెడ్జ్ తీస్తే 65 దాటదు. మధ్యలో ఏమీ లేదు! కొత్త పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలు, నా శాండ్ వెడ్జ్ 56. కర్రకీ కర్రకీ నాలుగైదు డిగ్రీలు తేడా ఉండాల్సినచోట పన్నెండు. ఆ కంత పూడ్చడానికి ఇంకో వెడ్జ్ కొన్నాను. అటు పైన చూస్తే కొత్త 5 ఐరన్ 24 డిగ్రీలు, నా నెమ్మది స్వింగుకి అది నేల వదిలి లేస్తే ఒట్టు. చివరికి సగం ధరకి అమ్మేసి పాత సెట్‌కే వచ్చాను. మీ నానమ్మ ఆ మిగతా సగం లెక్క ఇప్పటికీ అడుగుతోంది.

కాబట్టి నంబరు నంబరుతో పోల్చకు, వాలు వాలుతో పోల్చు. మీ వాడి 7 పక్కన నీ 5 పెట్టి, ఇద్దరూ మార్చి మార్చి కొట్టి చూడండి. మంచి దెబ్బల్ని వదిలెయ్, చెడ్డ దెబ్బలు ఎక్కడ పడ్డాయో చూడు. డబ్బు పెట్టాలో వద్దో చెప్పేది అవే.

ఎందుకో చెప్తా. పాతకాలం బ్లేడ్ ఐరన్లలో బరువంతా నడుమనే ఉండేది, బంతి ఓ పక్కకి తగిలితే తల చేతిలో తిరిగిపోయేది. బుజ్జమ్మా, కావిడి గుర్తుందా? రెండు కొసలా నిండు బిందెలు వేలాడుతుంటే ఆ బద్దని గిర్రున తిప్పడం కష్టం. అవే బిందెలు భుజం దగ్గరికి జరిపితే ఇట్టే తిరుగుతుంది. కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు అమెరికాలో చేసిన పని అదే, బరువుని అంచులకి జరిపాడు. 1959లో ముందు పటర్‌తో, అంటే బంతిని గుంతలోకి దొర్లించే కర్రతో, మొదలెట్టాడు. బంతి తగిలితే పింగ్‌మని మోగేదట, కంపెనీకీ ఆ పేరే పెట్టాడు. తరవాత ఐరన్లకీ అదే పని చేసి, వెనక గుల్ల చేశాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ 2 ఐరన్ల సెట్ ప్రపంచమంతా తిరిగింది. నీ సెట్ వెనక చూడు, గుల్లగా ఉంటుంది. అసలైన పెద్ద గంతు నీ బ్యాగులో ఇప్పటికే ఉంది. అదే బ్లేడ్ సెట్ అయ్యుంటే నేనే మార్చెయ్యమనేవాణ్ణి.

ఇక దాని ఆరోగ్యం చూడాలి. గ్రిప్పులు, అంటే చేత్తో పట్టుకునే రబ్బరు తొడుగులు, నిగనిగలాడుతున్నాయా? అయితే రబ్బరు చచ్చిపోయినట్టే. జారుతుందేమోనన్న భయంతో పిడికిలి బిగిస్తావు, మణికట్టు కొయ్యబారుతుంది, తప్పు ఐరన్ మీద పడుతుంది. ముఖం మీద గాట్లని గోరుతో అడ్డంగా గీరు. గోరు పట్టిందా, సరే. జారిపోతే రోలు నున్నబడినట్టే. పూర్వం "రోళ్ళకి కక్కులు కొడతాం" అని వీధిలోకి వచ్చేవాళ్ళు. కక్కు పోయిన రోట్లో పప్పు ఎలా జారేదో, గాట్లు అరిగిన ముఖం మీద తడిగడ్డిలో బంతి అలా జారుతుంది, స్పిన్ పట్టదు. ముందు అరిగేవి వెడ్జ్‌లే. ఆ రెండూ కొత్తవి కొనుక్కో, నేనేమీ అనను. కొనేముందు నీ 9 వాలు ఎంతో కొలిపించుకో, లేకపోతే నాలాగే నీకూ మధ్యలో కంత పడుతుంది.

మన ఉప్పుగాలికి ఇంకో జబ్బుంది. గ్రిప్ పైకొసన చిన్న కన్నం ఉంటుంది చూడు, దాన్లోంచి తేమ దిగి స్టీల్ షాఫ్ట్, అంటే తలకి బిగించిన గొట్టం, లోపల తుప్పు పడుతుంది, పైన మాత్రం తళతళలాడుతుంది. మొన్న నా 6 ఐరన్ తలకిందులు చేసి తెల్లకాగితం మీద తట్టాను. ఎర్రటి పొడి రాలింది, చిటికెడు కారమంత. ఆ షాఫ్ట్ తీసేశాను. అది కొడుతుండగా విరిగితే తల ఎటు ఎగురుతుందో చెప్పలేం. నీవన్నీ అలా తట్టి చూడు. ఒకటి రెండింటికి రాలితే షాఫ్ట్ మార్పించుకో, అన్నింటికీ రాలితే బాగు చేయించుకునే ఖర్చు కొత్త సెట్ దగ్గరికి వస్తుంది. అప్పుడు కొనుక్కోవడమే మేలు.

3, 4 ఐరన్లు మాత్రం మూలన పెట్టేసి వాటి బదులు హైబ్రిడ్‌లు, అంటే బంతిని తేలిగ్గా లేపే లావు తల కర్రలు, తెచ్చుకో. నీ సెట్‌లో అవి కొత్తగా కనిపిస్తాయి, నేను వాటితో బంతి లేపలేక ముట్టుకోలేదు మరి.

పండక్కి వచ్చేటప్పుడు బ్యాగు తీసుకురా, తొమ్మిది గ్రిప్పులు కూడా. పాతవి కోసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, గ్రిప్ లోపల టర్పెంటైన్ పోసి కన్నం వేలితో మూసి ఊపి, ఒక్క ఊపున దూర్చెయ్యాలి. సగంలో ఆగితే ఇక కదలదు. టర్పెంటైన్ ఇక్కడుంది. బుజ్జమ్మా, కన్నం మూసే పని నీది.

మీ తాతయ్య