సర్క్యూట్ మార్చిన పాత క్వార్ట్జ్ డైవర్ ఒరిజినలేనా?

పాత వాచీలు సేకరించేవాళ్ల మధ్య మళ్లీ అదే గొడవ. 1970ల చివర్లో వచ్చిన క్వార్ట్జ్ డైవ్ వాచీలో (బ్యాటరీతో, స్ఫటికం కంపనాలతో నడిచే, నీటి లోతుల్లో వాడే వాచీలో) సర్క్యూట్ చెడిపోతే, అదే మోడల్ వాచీ ఇంకోదానిలోంచి తీసి వేస్తే, దాన్ని ఒరిజినల్ అనొచ్చా? బ్యాటరీ వాచీని అసలు సేకరించడమేంటని అడిగేవాళ్లూ ఉన్నారు.

1969లో జపాన్ కంపెనీ సీకో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ ఆస్ట్రాన్‌ను తేవడం, ఆ తర్వాత స్విస్ వాచీ పరిశ్రమ కుదేలవడం అందరికీ తెలిసినవే. ఈ గొడవకు మూలం అక్కడ లేదు, 1978లో ఉంది.

దానికి పదేళ్ల ముందు, 1968లో, హిరోషిమా ప్రాంతంలోని కురే నుంచి ఒక వృత్తి డైవర్ సీకోకు ఉత్తరం రాశాడు. 300 మీటర్లు దాటిన లోతుల్లో చేసే సాచురేషన్ డైవింగ్‌కు వాచీలు ఆగడం లేదని ఫిర్యాదు. ఈ పనిలో డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి నింపిన గదిలో హీలియం కలిసిన గాలి పీలుస్తూ ఉంటారు. హీలియం అణువులు చాలా చిన్నవి, గాస్కెట్ల (నీళ్లు చొరకుండా వేసే రింగుల) సందుల్లోంచి వాచీలోకి దూరిపోతాయి. ఒత్తిడి తగ్గిస్తున్నప్పుడు అంతే తొందరగా బయటికి రాలేక గాజును ఊడగొడతాయి. స్విస్ కంపెనీలు హీలియం బయటికి పోవడానికి వాల్వ్ పెట్టాయి. సీకో అసలు లోపలికే రానివ్వకూడదనుకుంది. ఏడేళ్లు పనిచేసి 1975లో ఒకే ముక్క టైటానియం కేస్, ఎల్ ఆకారపు గాస్కెట్‌తో 600 మీటర్ల లోతు తట్టుకునే వాచీ తెచ్చింది. ట్యూనా డబ్బాలా ఉండే దాని ఆకారం వల్ల అభిమానులు ట్యూనా అనే పిలుస్తారు.

అందులో ఉన్నది చేతి కదలికకే స్ప్రింగ్ చుట్టుకునే ఆటోమేటిక్ మెషీన్. 1978లో దాన్ని తీసి క్వార్ట్జ్ పెట్టారు. ఆ మెషీన్ నంబరే 7549. అంటే కంపెనీ తన అత్యంత కష్టమైన పనికి తయారుచేసిన వాచీలోనే క్వార్ట్జ్ వేసింది. చవక కోసం కాదని ఇక్కడే తెలుస్తుంది. మెకానికల్ వాచీ రోజుకు పది, పదిహేను సెకన్లు తేడా చూపితే, క్వార్ట్జ్‌కు అంత తేడా రావడానికి దాదాపు నెల పడుతుంది. పక్కన పెట్టినా ఆగదు కాబట్టి టైమ్ సరిచేయడానికి మాటిమాటికీ క్రౌన్ (పక్కనుండే తిప్పే బొడిపె) విప్పక్కర్లేదు. దాంతో గాస్కెట్ మీద అరుగుదల కూడా తగ్గుతుంది. 1986లో ఇదే వరసలో 1000 మీటర్ల క్వార్ట్జ్ వచ్చింది.

మామూలు డైవర్ల కోసం అదే 1978లో 7548 మెషీన్‌తో 150 మీటర్ల వాచీ వచ్చింది. ఇవాళ్టి గొడవ ఎక్కువగా దీని చుట్టూనే. ఒకసారి వెనక మూత తీసి చూస్తే దీని మీద ఇంత ఇష్టం ఎందుకో అర్థమవుతుంది. లోపలివి లోహపు ప్లేట్లు, ఐదు జ్యుయెల్స్ (అరుగుదల తగ్గించే రాళ్లు), వేగం సరిచేసుకోవడానికి చిన్న ట్రిమ్మర్. మొత్తం విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి మళ్లీ బిగించొచ్చు. పారేయడానికి చేసిన వస్తువు ఇలా ఉండదు. స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సర్క్యూట్ దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సెకనుకు ఒక్క అడుగు మిగులుతుంది. ముల్లు వేసే ఆ ఒక్క అడుగు సరిగ్గా డయల్ గీత మీద పడితే కలిగే తృప్తి వేరు.

అవతలివాళ్ల వాదన ఇది: క్వార్ట్జ్ వాచీకి సర్క్యూటే ప్రాణం, అది మారితే వాచీ మారినట్టే, ధరా తగ్గాలి. కానీ మెకానికల్ వాచీలో తెగిన మెయిన్‌స్ప్రింగ్ (వాచీని నడిపే స్ప్రింగ్) మారిస్తే దాన్ని సర్వీసింగ్ అంటున్నాం కదా. కేస్, డయల్, ముళ్లు అప్పటివే అయి, వేసిన సర్క్యూట్ కూడా అదే మోడల్‌దైతే దీన్ని మాత్రం తప్పుపట్టడం ఎందుకు? నిజంగా చూడాల్సింది కొత్తగా అచ్చేసిన నకిలీ డయళ్లను. సీకో సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. దాంతో వాచీ ఎప్పటిదో తెలుస్తుంది. వెనక మూత మీది మోడల్ నంబరు డయల్ అంచున ఉన్న కోడ్‌తో పొసగకపోతే అనుమానించాలి.

అసలు టెన్షన్ విడిభాగాలది. ఏళ్ల తరబడి డ్రాయర్లో మర్చిపోయిన వాచీలో బ్యాటరీ కారి సర్క్యూట్‌ను తినేస్తుంది. కొత్త సర్క్యూట్లు తయారు కావడం లేదు, దొరికేవి ఎక్కువగా వేరే వాచీల్లోంచి తీసినవే. అందుకే అమ్మేవాళ్లు ఏది ఎప్పుడు మార్చారో రాసి, తీసేసిన పాత సర్క్యూట్‌ను కూడా వాచీతోపాటే ఇవ్వాలని సేకర్తలు అడుగుతున్నారు.