మూడు ఇనుప పలకలు

1623లో ట్యూబింగెన్ నగరం నుంచి విల్‌హెల్మ్ షికార్డ్ అనే జర్మన్ ప్రొఫెసర్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కు ఉత్తరం రాశాడు. కూడికలు, తీసివేతలు వాటంతట అవే చేసే పళ్ళచక్రాల యంత్రం ఒకటి తయారుచేశానని అందులో చెప్పాడు. కెప్లర్ కోసం అలాంటిదే ఇంకొకటి యోహాన్ ఫిస్టర్ అనే పనివాడి దగ్గర సగంలో ఉండగా, 1624 ఫిబ్రవరిలో ఒక రాత్రి మంటల్లో కాలిపోయింది.

ఆ రోజుల జర్మనీకి ఈనాటి సాంకేతిక పుస్తకాలన్నీ మూటగట్టి పంపితే ఏమయ్యేది? కాల్పనిక చరిత్ర ఇష్టపడేవాళ్ళకు ఇది చాలా ఇష్టమైన ప్రశ్న. నాకూ ఇష్టమే. అయితే నేను రాజుల గురించి కాక, ఫిస్టర్ లాంటి పనివాళ్ళ గురించి ఆలోచిస్తాను. ఆ పుస్తకాల్లో ఉన్న వస్తువును చివరికి చేత్తో తయారుచేయాల్సింది వాళ్ళే కదా.

ఆవిరి యంత్రం బొమ్మను జర్మనీలోని థురింగియా ప్రాంతంలో ఉన్న సూల్ ఊరికి తీసుకెళ్దాం. తుపాకుల తయారీకి పేరున్న ఊరది. అక్కడి కమ్మరులు పొడవాటి ఇనుప రేకును కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి గొట్టంగా అతికేవారు. తర్వాత లోపలి రంధ్రాన్ని ఒక పనిముట్టుతో తొలిచి నునుపు చేసేవారు. తుపాకీకి అది చాలు. ఆవిరి యంత్రానికి మాత్రం చాలదు. తొలిచే పనిముట్టు అప్పటికే ఉన్న రంధ్రం వెంబడే పోతుంది కాబట్టి, రంధ్రం వంకరగా ఉంటే తొలిచాక కూడా వంకరగానే ఉంటుంది. అప్పుడు సిలిండర్ అనే గొట్టం లోపల ముందుకూ వెనక్కూ కదిలే పిస్టన్ పక్కనుంచి ఆవిరి కారిపోతుంది.

ఈ కష్టం సూల్ కమ్మరులకే కాదు, ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్‌కూ ఎదురైంది. 1769లో పేటెంట్ తీసుకున్నాక కూడా సరిగ్గా గుండ్రంగా ఉండే సిలిండర్ కోసం ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. ఫిరంగులు తొలవడానికి జాన్ విల్కిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుము తయారీదారు 1774లో కొత్త యంత్రం కనిపెట్టాడు. ఆ అనుభవంతోనే సిలిండర్ల కోసం ఇంకొకటి చేశాడు. అందులో తొలిచే కడ్డీ సిలిండర్ గుండా పోయి రెండు వైపులా ఆనుకుని ఉంటుంది. కాబట్టి అది పాత రంధ్రం వంకరను అనుసరించదు. యాభై అంగుళాల వెడల్పున్న సిలిండర్‌లో తేడా పాత షిల్లింగ్ నాణెం మందం కూడా లేదని వాట్ భాగస్వామి బోల్టన్ మెచ్చుకున్నాడు.

అందుకే ఆ మూటలో నేను ముందుగా పెట్టేది ఆవిరి యంత్రం బొమ్మ కాదు, మూడు పలకల కిటుకు. యంత్రాలన్నిటికీ ఆధారం ఒక చదునైన తలం. చదునైన నమూనా ఏదీ లేకుండా చదునైన తలాన్ని ఎలా తయారుచేయాలి? రెండు ఇనుప పలకలు తీసుకుని, ఒకదానికి నూనెలో కలిపిన మసి రాసి రెండోదానిపై ఆనించి, మసి అంటిన చోటల్లా గీకి సరిచేస్తూ పోతే, అవి ఒకదానిపై ఒకటి చక్కగా కూర్చుంటాయి. అయినా మోసపోవచ్చు: ఒకటి కాస్త ఉబ్బి, రెండోది అంతే గుంటగా ఉన్నా అవి అలాగే కూర్చుంటాయి. ఇప్పుడు మూడో పలక తేవాలి. ఉబ్బిన పలకకు సరిపోయేలా దాన్ని సరిచేస్తే అది గుంటగా తయారవుతుంది. దాన్ని గుంటగా ఉన్న రెండోదానిపై పెట్టగానే మధ్యలో ఖాళీ మిగిలి తప్పు బయటపడుతుంది. మూడింటిలో ఏ రెండింటిని తీసుకున్నా, ఎటు తిప్పి పెట్టినా చక్కగా కూర్చునేదాకా గీకుతూ పోతే, మూడూ చదునైనవే అని ఖాయం. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ ఈ పద్ధతిని బాగా ప్రచారం చేశాడు.

ఇనుము, మసి, నూనె, ఓపిక: ఇవన్నీ సూల్‌లో ఉన్నవే. లేనిది ఆ కిటుకు ఒక్కటే.

చదునైన తలం ఉంటే తిన్నని పట్టాలు చేయొచ్చు, పట్టాలు ఉంటే మంచి లేత్ (లోహాన్ని గుండ్రంగా తిప్పుతూ కోసే యంత్రం) చేయొచ్చు, లేత్ ఉంటే ఒకే కొలతలో మరలు (స్క్రూలు) కోయొచ్చు. అప్పటి మరలు ఎక్కువగా చేత్తో ఆకురాయి పట్టి చేసినవి. ఒక మరకు చేసిన నట్టు ఇంకొక మరకు పట్టదు. పైగా అడుగు అనే కొలత కూడా ఊరికొకటి.

ఉక్కు ఇంకో చిక్కు. గడియారం స్ప్రింగులకు అంతటా ఒకేలా ఉండే ఉక్కు కావాలి. దాని కోసమే 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే ఇంగ్లీషు గడియారాల పనివాడు మూసలో, అంటే వేడికి తట్టుకునే మట్టి పాత్రలో, ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. మన తెలంగాణలో, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులు అంతకుముందు నుంచే మూసల్లో ఉక్కు తయారుచేస్తున్నారు. పర్షియా వ్యాపారులు దానికోసం అక్కడిదాకా వచ్చేవారు. కాబట్టి జర్మనీకి పంపే మూటలోకి కావలసిన ఒక పాఠం ఆ కాలంలోనే మన ఊళ్ళో ఉంది.

ఇవన్నీ సమకూరినా ఆనాటి జర్మనీ పనివాళ్ళ వృత్తి సంఘాలు ఊరుకునేవా? శిష్యుడిగా, తర్వాత ఊరూరా తిరిగే పనివాడిగా ఏళ్ళు గడిపి, పరీక్షగా ఒక వస్తువు చేసి మెప్పిస్తేగానీ మాస్టర్ అయ్యేవాడు కాదు. ఒకేసారి చాలా రిబ్బన్లు నేసే మగ్గాన్ని 1685లో చక్రవర్తి ఆజ్ఞతో నిషేధించారు. దాన్ని నేను తెలివితక్కువతనం అనుకోను. తిండి పోతుందన్న భయం ఆ పనివాళ్ళది.

షికార్డ్ 1635లో ప్లేగుతో చనిపోయాడు. ఆయన యంత్రం బొమ్మలు, ఉత్తరాలు మాత్రం మిగిలాయి. వాటిని చూసి 1960లో ట్యూబింగెన్‌లోనే ఆ యంత్రాన్ని మళ్ళీ చేశారు. అది పనిచేసింది. ఫిస్టర్ ఆకురాయితో చేసిన చక్రాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు.