బ్రష్ గీతలు ఎక్కడికి పోతాయి?

నీళ్ళతో కలిపే పెయింట్‌ని తలుపుకి వేసిన వెంటనే పక్కనుంచి ఏటవాలుగా చూడండి. బ్రష్ కుచ్చు గీసిన గీతలు దున్నిన చేలో చాళ్ళలా కనిపిస్తాయి. మంచి పెయింట్ అయితే కాసేపటికి గట్లు దిగి చాళ్ళు పూడుకుపోతాయి, ఎవరూ చెయ్యి పెట్టకుండానే.

ఆ పని చేసేది తలతన్యత. ఎగుడుదిగుడు ఉపరితలానికి వైశాల్యం ఎక్కువ, చదునైనదానికి తక్కువ. ద్రవం ఎప్పుడూ తక్కువ వైపే మొగ్గుతుంది కాబట్టి గట్టు మీది పెయింట్ పక్క చాలులోకి పారుతుంది. ఇందులో గురుత్వాకర్షణ వంతు స్వల్పం. నిలువు గోడ మీద అది చేసేదల్లా పెయింట్‌ని కిందికి కార్చడమే.

1960ల తొలినాళ్ళలో ఆర్చర్డ్ అనే శాస్త్రవేత్త దీనికి కట్టిన లెక్క నాకెంతో ఇష్టం. గీతల మధ్య ఎడం రెట్టింపైతే అవి చదునవడానికి 16 రెట్లు సమయం కావాలి. పొర మందం సగమైతే 8 రెట్లు. పొదుపు చేద్దామని ముతక బ్రష్‌తో పలచగా లాగితే గీతలు అలాగే మిగిలిపోవడానికి కారణం ఇదే. పైగా ఈలోగా నీరు ఆవిరై పెయింట్ చిక్కబడుతూ ఉంటుంది. చదునయ్యేలోపే చిక్కబడితే గీతలు శాశ్వతం. సగం ఆరిన చోట మళ్ళీ బ్రష్ పెట్టడమంత చేటు మరొకటి లేదంటాను: అక్కడ కొత్తగా పడే గీతకి పూడుకునే అవకాశమే ఉండదు.

గీతలు పోయాక లోపల ఇంకో పని మొదలవుతుంది. నీటి వార్నిష్ డబ్బాలో పాలలా తెల్లగా ఉంటుంది. నీటిలో తేలే పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న ప్లాస్టిక్ పదార్థం) గోళాలు కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చే తెలుపు అది. ఒక్కోటి దాదాపు 100 నుంచి 300 నానోమీటర్లు. వెంట్రుక అడ్డంలో కొన్ని వందలు వరసగా పడతాయి. నీరు పోయేకొద్దీ అవి దగ్గరకి జరిగి ఒకదానికొకటి తగులుతాయి. సందుల్లో మిగిలిన నీరు లాగే లాగుడుకి గుండ్రటివి కాస్తా నొక్కుకుపోయి, తేనెపట్టు గదుల్లా ఖాళీ లేకుండా అతుక్కుంటాయి. కాంతిని చెదరగొట్టే సరిహద్దులు చెరిగిపోతాయి. కళ్ళముందే తెలుపు కరిగి చెక్క నరాలు బయటపడతాయి.

చలి మరీ ఎక్కువైతే గోళాలు గట్టిగా ఉండి నొక్కుకోవు, పొర పగుళ్ళిచ్చి పొడిగా రాలుతుంది. అందుకే వాటిని కొంతకాలం మెత్తబరిచి, తర్వాత మెల్లగా ఆవిరైపోయే ద్రావకాన్ని చాలా పెయింట్లలో కలుపుతారు.

చేతికి పొడిగా తగిలాక కూడా పాలిమర్ గొలుసులు పక్క గోళంలోకి చొచ్చుకుపోతూనే ఉంటాయి, ఒక్కోసారి రోజుల తరబడి. పొరకి అసలు బలం అప్పుడే వస్తుంది. కొత్త పెయింట్‌ని అప్పుడే తడిగుడ్డతో రుద్దకండి.