ట్రిగ్గర్ తేలికైతే టెన్ పడుతుందా? ఎయిర్ పిస్టల్ అపోహలు - వాస్తవాలు

దసరా సెలవులకి విజయనగరంలో మా షూటింగ్ రేంజికి కొత్త పిల్లలు వస్తారు. వాళ్లతో నాన్నలూ వస్తారు, నాన్నల చేతుల్లో ఫోన్లూ వస్తాయి. ఈసారి సిరిమాను పండగకి రెండు రోజుల ముందు రాజాం నుంచి ఒకాయన కొడుకుని తీసుకొచ్చి, కూర్చోకుండానే ఫోన్ నా ముఖం ముందు పెట్టారు. అందులో అమెరికావాడెవడో ఒక పోటీలో కార్బైన్‌కి (పొట్టి రైఫిల్ అనుకోండి) కొత్త ట్రిగ్గర్ బిగించి టపటపా కాల్చేస్తున్నాడు.

"మాస్టారూ, మా గుంటడి పిస్టల్‌కి ఇలాటిది దొరుకుతాదా? ఎంతయినా పర్లేదు."

పర్లేదు అన్నారు గానీ, ఆ పిస్టల్ కొనడానికే ఇంట్లో గాజులు తాకట్టుకి వెళ్లాయని నాకు తెలుసు. అందుకే ఈ పోస్టు.

ముందు ఆ వీడియో సంగతి. అది 9 ఎంఎం కార్బైన్. మన దేశంలో మామూలు మనిషికి లైసెన్సు దొరికే బోరు (గొట్టం లోపలి వ్యాసం) కాదు. ఆ పోటీలో దగ్గర టార్గెట్లని వేగంగా, వరసగా కాల్చాలి. కాబట్టి ఒక షాట్ తర్వాత ట్రిగ్గర్ ఎంత త్వరగా రీసెట్ అవుతుందన్నది, అంటే మళ్లీ కాల్చడానికి సిద్ధమవుతుందన్నది వాళ్లకి ముఖ్యం. మన ఎయిర్ పిస్టల్‌తో ఒక షాట్ కాల్చాక లివర్ లాగాలి, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టాలి, చెయ్యి దించి ఊపిరి తీసుకోవాలి. 60 షాట్లకి 75 నిమిషాలు. ఇందులో రీసెట్ వేగం ఏం చేసుకుంటాం? ఇంకో తమాషా ఉంది. ఆ కార్బైన్లకి "తేలిక" అని అమ్మే ట్రిగ్గర్లు మూడున్నర పౌండ్ల దగ్గర ఉంటాయి, అంటే సుమారు 1,600 గ్రాములు. ట్రిగ్గర్ బరువంటే దాన్ని నొక్కడానికి కావలసిన బలం. మన పిస్టల్ ట్రిగ్గర్ అందులో మూడో వంతు కూడా ఉండదు. ఆయన డబ్బిచ్చి కొనాలనుకున్నది మూడింతలు బరువైన ట్రిగ్గర్ని!

అపోహ: ట్రిగ్గర్ ఎంత తేలికైతే స్కోరు అంత పెరుగుతుంది.

వారానికి నలుగురైనా ఇదే అడుగుతారు. పిల్లల డబ్బూ, కాలమూ ఎక్కువగా పోయేది కూడా ఇక్కడే.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) రూల్ ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాములకి తగ్గకూడదు. 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్‌కి 1,000 గ్రాములు. ఎయిర్ రైఫిల్‌కి మాత్రం కనీస బరువు లేదు. రైఫిల్ పిల్లలు చెప్పే మాటలు పిస్టల్ పిల్లల చెవిన పడి సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

రూలు పక్కన పెట్టి, అసలు షాట్ ఎలా చెడుతుందో చూడండి. కుడిచేతి వాటం పిల్లవాడికి ఎనిమిదులు, ఏడులు కింద ఎడమవైపు పడుతున్నాయంటే, ట్రిగ్గర్ వేలితో పాటు మిగతా వేళ్లు కూడా పిడిని పిండేస్తున్నాయని అర్థం. గురి చూసే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం దాదాపు 32 సెంటీమీటర్లు అనుకోండి. ట్రిగ్గర్ విడిచే క్షణంలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి ఒరిగితే 10 మీటర్ల అవతల అది 31 మిల్లీమీటర్లు అవుతుంది. టెన్ రింగ్ (టార్గెట్ నడుమ పది పాయింట్ల వలయం) వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. పది పడాల్సిన చోట ఏడు పడుతుంది. ట్రిగ్గర్ 500 ఉన్నా 300 ఉన్నా, పిడిని పిండే చెయ్యి పిండుతూనే ఉంటుంది. తేలిక చేస్తే ఇంకో జబ్బు కూడా తగులుకుంటుంది: ఎప్పుడు పేలుతుందో తెలియక పిల్లవాడు ట్రిగ్గర్ ముట్టుకోవడానికే భయపడతాడు.

ట్రిగ్గర్ రెండు దశల్లో వెనక్కి వస్తుంది. ఆ 500 గ్రాముల్ని వాటి మధ్య పంచుకోవడం తెలియాలి. నేను మొదటి దశలోనే 350 నుంచి 400 వరకు పెడతాను, మిగిలింది రెండో దశకి. వేలు మొదటి దశ దాటి గోడకి ఆనుకున్నట్టు ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న ఒత్తిడి చాలు. షూటర్ చేతికి ట్రిగ్గర్ తేలికగానే తెలుస్తుంది, రూలుకి మాత్రం 500 దాటుతుంది. తర్వాత ట్రిగ్గర్ షూని (వేలు ఆనే ముక్కని) వేలి కొసకీ మొదటి కణుపుకీ మధ్య మెత్తటి భాగం ఆనేలా జరపాలి, షాట్ అయ్యాక ట్రిగ్గర్ వెనక్కి పోకుండా ఓవర్‌ట్రావెల్ స్టాప్ సరిచూసుకోవాలి. ఇవన్నీ పిస్టల్‌తో వచ్చిన స్క్రూలే. పైసా ఖర్చు లేదు.

బరువు చూడ్డానికి గేజ్ లేకపోతే అర లీటరు నీళ్ల సీసా చాలు. సీసా, మూత, తాడు కలిపి కిరాణా కొట్టు కాటా మీద 520 వచ్చేలా చూసుకోండి. పెల్లెట్ పెట్టకుండా కాక్ చేసి (లివర్ లాగి), బ్యారెల్ నిటారుగా పైకి పట్టి, సీసా తాడు ట్రిగ్గర్ మధ్యలో తగిలించి బల్ల మీద నుంచి మెల్లగా లేపండి. సీసా గాల్లోకి లేచి ట్రిగ్గర్ నిలబడితే పాస్.

రాజాం గుంటడి పిస్టల్‌కి అదే చేశాను. సీసా అడుగు బల్ల వదలకముందే టక్‌మంది. మళ్లీ చేశాను, మళ్లీ టక్. వాళ్ల నాన్న ముఖం తెల్లబోయింది. విషయం మెల్లగా బయటపడింది: పోయిన నెల ఎవరో రిపేరు చేసేవాడు "కొంచెం స్మూత్ చేసి" ఇచ్చాడట. విప్పి చూస్తే సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పిస్టల్ పేలకుండా పట్టి ఉంచే చిన్న కొక్కెం) అంచు రాకేసి ఉంది. సియర్‌కి సాధారణంగా గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. ఆ పొర రాకేశాక తొందరగా అరిగిపోతుంది, చిన్న కుదుపుకే జారిపోవచ్చు. ఇక స్క్రూతో సరికాదు, కొత్తది తెప్పించాల్సిందే.

ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు. అదే తప్పు నేనూ చేశాను. ఆడే రోజుల్లో ఒక రాష్ట్రస్థాయి పోటీకి ముందు రాత్రి, లాడ్జి గదిలో కూర్చుని, స్క్రూ పావు చుట్టు వదులు చేశాను. పొద్దున్న చెకింగ్‌లో ఎలాగో పాసయింది. మ్యాచ్ అయ్యాక ర్యాండమ్ చెక్‌కి నా పేరే వచ్చింది. మూడుసార్లు ఎత్తారు, మూడుసార్లూ విడిచేసింది. డిస్‌క్వాలిఫై. 60 షాట్లూ గాలికి పోయాయి. అప్పటి నుంచీ 500 మీద కనీసం 15, 20 గ్రాములు అదనంగా పెట్టుకోమని చెవిలో జోరీగలా పోరుతుంటాను.

అపోహ: ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉంటేనే మెడల్.

ట్రిగ్గర్ నునుపుగా ఉంటుంది, నిజమే. కనీస బరువు దానికీ 500 గ్రాములే. బ్యాటరీ, సర్క్యూట్ అదనం. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ లివర్ క్వాలిఫికేషన్ మధ్యలో విరిగింది. అది మార్చడానికి ట్రిగ్గర్ సర్క్యూట్ కూడా విప్పాల్సి వచ్చి బోలెడు టైమ్ పోయింది. 575 కొట్టింది, రెండు పాయింట్లలో ఫైనల్ తప్పిపోయింది. 2024లో పారిస్‌లో అదే అమ్మాయి కాంస్యం తెచ్చింది. కొత్త పిల్లలకి మొదటి మూడేళ్లు మామూలు మెకానికల్ ట్రిగ్గర్ చాలు.

అపోహ: పెల్లెట్ లేకుండా కాలిస్తే పిస్టల్ పాడవుతుంది.

పాత స్ప్రింగ్ తుపాకుల మాట ఇది. మ్యాచ్ పిస్టళ్లలో డ్రై ఫైర్ ఏర్పాటు అందుకే ఇచ్చారు. తెల్ల గోడ ముందు నిలబడి, రోజూ నలభై సార్లు, ముందు సైట్ కదలకుండా.

అపోహ: చెయ్యి అస్సలు కదలకూడదు.

అందరి చెయ్యీ కదులుతుంది. ఒలింపియన్లదీ కదులుతుంది. సైట్లు రెండూ వరసలో ఉంటే చాలు.

అపోహ: లైసెన్సు లేకపోతే పోలీసులు పట్టుకుంటారు.

4.5 ఎంఎం బోరు, 20 జౌల్స్ లోపు ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. కొన్నప్పుడు ఇచ్చిన బిల్లు దాచుకోండి, బస్సులో తీసుకెళ్లేటప్పుడు పెట్టెలోనే ఉంచండి.

సియర్ ఇంకా రాలేదు. రాజాం ఆయన రోజు విడిచి రోజు ఫోన్ చేసి "వచ్చిందేటి మాస్టారూ?" అంటున్నారు. గుంటడు మాత్రం రేంజి పిస్టల్ పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. దాని ట్రిగ్గర్ 520. మొదటి రోజు "ఏటి సార్, ఇంత గట్టిగుంది" అన్నాడు. ఈ వారం ఆ మాట ఎత్తలేదు.