నీళ్లెటు పోతాయో చూడకుండా తోట గీస్తే

విజయవాడలో ఆర్కిటెక్చర్ పిల్లలకు ల్యాండ్‌స్కేప్ డిజైన్, అంటే కట్టడాల చుట్టూ నేల, నీళ్లు, దారులు, చెట్లు ఎలా ఉండాలో గీయడం, చెబుతుంటాను. ఏటా కొత్త బ్యాచ్ కొన్ని అపోహలు వెంటబెట్టుకునే వస్తుంది. కొన్ని పిల్లలవి, కొన్ని వాళ్ల ఇళ్లలోవి.

అపోహ: బిల్డింగ్ అయ్యాక మిగిలిన చోట మొక్కలు పెట్టడమే ల్యాండ్‌స్కేప్.

వాస్తవం: "మావాణ్ణి తోటమాలిని చేస్తారా ఏంటండీ?" అని ఓ తండ్రి అడిగారు. ఆ పని వచ్చినా సంతోషమే అన్నాను, ఆయనకు నచ్చలేదు. నా క్లాసులో మొక్కల మాట నెల దాటాకే వస్తుంది. 1858లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ డిజైన్ పోటీ గెలిచిన ఓల్మ్‌స్టెడ్, వాక్స్ చేసిన పనిలో చాలా భాగం పార్కుకు వెళ్లినవాళ్ల కంటపడదు. చిత్తడి నేలలోంచి నీళ్లు లాగే గొట్టాలు మట్టికింద ఉంటాయి. ఊరి బళ్లు అడ్డంగా దాటే రోడ్లను పల్లంలోకి దించేశారు.

అపోహ: చదునుగా ఉన్న స్థలానికి లెవెల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) ఎందుకు?

వాస్తవం: ఖాళీ స్థలానికి తీసుకెళ్లి వాలు ఎటని అడిగితే "ప్లెయిన్‌గానే ఉందండీ" అంటారు. సర్వే మెషిన్ ఇవ్వను. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపు ఇస్తాను. రెండు కొసలూ రెండు కర్రల దగ్గర పట్టుకుంటే నీళ్లు రెండు చోట్లా ఒకే మట్టానికొచ్చి నిలుస్తాయి. అక్కణ్ణుంచి నేల దాకా టేపుతో కొలవాలి. మొదటి అరగంటా గాలి బుడగతోనే సరిపోతుంది. బుడగ ఉంటే లెక్క తప్పు, పైపును వేళ్లతో కొట్టి కొట్టి దాన్ని పైకి పంపాలి. పోయినేడు అరవై అడుగుల దూరంలో ఏడు అంగుళాల తేడా తేలింది. సరిగ్గా ఆ పల్లంలోనే ఓ అమ్మాయి కూర్చునే అరుగులు గీసింది. ఏమీ మాట్లాడకుండా షీటు తిరగేసి మళ్లీ మొదలుపెట్టింది.

లెక్క కూడా వేయిస్తాను. రెండొందల గజాల స్థలంలో 5 సెంటీమీటర్ల వాన పడితే ఎనిమిది వేల లీటర్ల పైనే. అవి ఎటు పోవాలి? కొల్లేటికి పోవాల్సిన బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో మా ఊళ్లోని సింగ్ నగర్ మీద పడింది. ఆ ఏడాది బ్యాచ్‌కి పల్లం అంటే ఏంటో నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

అపోహ: గొయ్యి తీసి ఎర్రమట్టి, ఎరువు నింపితే ఏ మొక్కయినా బతుకుతుంది.

వాస్తవం: ఇది నేనూ నమ్మాను. గుంటూరు వైపు ఒక సైటులో, నల్లరేగడిలో, వానాకాలం మొదట్లో పొగడ మొక్కలు నాటించాను. ముసురు పట్టాక ఆకులు పసుపెక్కాయి. ఇంకా నీళ్లు చాలడం లేదనుకుని పోయించాను కూడా! చివరికి ఒకటి పీకి చూస్తే వేళ్లు నల్లబడి మురుగు కంపు. చుట్టూ బంకమట్టి, మధ్యలో వదులు మట్టి: గొయ్యి కాస్తా తొట్టి అయిపోయింది. ఇప్పుడు పిల్లల చేత అడుగు లోతు గొయ్యి తవ్వించి, నీళ్లు నింపించి, మర్నాడు పొద్దున చూసి రమ్మంటాను. నీళ్లు ఇంకా ఉంటే మిట్ట చేసి నాటాలి. అదే నేల వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది.

అపోహ: చెట్టు పైకి ఎంతో, వేరు కిందకి అంత.

వాస్తవం: పిల్లల సెక్షన్లలో (నేలను నిలువుగా కోసినట్టు గీసే బొమ్మల్లో) వేళ్లు కొమ్మల నీడలా కిందకి దిగుతాయి. నీళ్లు తాగే సన్నవేళ్లలో ఎక్కువ భాగం పైన ఒకటి రెండు అడుగుల మట్టిలోనే, కొమ్మల అంచు దాటి పాకుతాయి. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే ఆ వేళ్లకు నీళ్లందవు.

అపోహ: చూడ్డానికి బాగుండేదే మంచి చెట్టు.

వాస్తవం: కడియం నర్సరీలకు తీసుకెళ్తే అందరి కళ్లూ పామ్‌ల మీదే. బెజవాడ ఎండలో వాటి నీడ ఎంతమందికి? కానుగ ఆకు రాల్చినా ఎండలు ముదిరేలోపు మళ్లీ చిగురేసుకుంటుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే చాలు.

వాస్తవం: కంప్యూటర్ బొమ్మలో లాన్ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. పిల్లలు తమ డిజైన్లు చూపించే జ్యూరీలో నా ప్రశ్న ఒకటే: "మే నెలలో దీనికి నీళ్లెవరు పోస్తారు?" మొన్న ఒక కుర్రాడు తడుముకోకుండా "ఎవరూ పోయరండీ, అందుకే తీసేశా" అన్నాడు. షీటు మీద కానుగ కింద ఊడ్చిన మట్టి వాకిలి, రెండు నులక మంచాలు.