లీవర్ హౌస్: అద్దాలన్నీ మార్చాక మిగిలిందేమిటి?

రాతి గుడినో, పాత కోటనో కాపాడాలంటే ఎవరూ కాదనరు. గాజూ స్టీలుతో కట్టిన ఆఫీసు బిల్డింగుకి ముప్పై ఏళ్లకే రక్షిత కట్టడం హోదా ఇవ్వాలంటే మాత్రం గొడవే. న్యూయార్క్ పార్క్ అవెన్యూలో లీవర్ హౌస్ విషయంలో అదే జరిగింది.

లక్స్, లైఫ్‌బాయ్ సబ్బుల లీవర్ బ్రదర్స్‌కి అమెరికాలో హెడ్డాఫీసుగా 1952లో ఇది తెరుచుకుంది. డిజైన్ ఎస్‌ఓఎం అనే ఆర్కిటెక్టుల సంస్థలోని గోర్డన్ బన్‌షాఫ్ట్‌ది. వీధిలోకి గాలీ వెలుతురూ రావాలని 1916 నాటి నగర నిబంధన ఎత్తైన భవనాలను పైకి వెళ్లేకొద్దీ వెనక్కి జరిపి కట్టమనేది. అందుకే అప్పటి మేడలన్నీ మెట్లుమెట్లుగా ఉండేవి. స్థలంలో నాలుగో వంతులోనే టవర్ లేపితే ఆ బెడద లేదు. బన్‌షాఫ్ట్ దాన్నే వాడుకుని పలకలాంటి 94 మీటర్ల టవర్‌ను నిటారుగా నిలబెట్టాడు. కింద స్తంభాల మధ్య జనం నడవడానికి చోటు వదిలాడు. అద్దెలొచ్చే జాగాని అలా వదులుకోవడం చిన్న విషయం కాదు.

కిటికీలు తెరుచుకోవు, లోపలంతా ఏసీ. అద్దాలు కడగడానికి పైకప్పు మీద పట్టాలు వేసి, ఒక తొట్టెను వేలాడదీశారు. సబ్బుల కంపెనీకి అంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది!

1982లో ఫిషర్ బ్రదర్స్ అనే బిల్డర్లు దీన్ని పడగొట్టి నలభై అంతస్తుల టవర్ కడతామన్నారు. ముప్పై ఏళ్లు నిండితే తప్ప నగరం ఏ కట్టడాన్నీ రక్షిత జాబితాలో చేర్చదు. లీవర్ హౌస్‌కి సరిగ్గా అప్పుడే నిండాయి. ఆ నవంబర్‌లో ల్యాండ్‌మార్క్ హోదా ప్రకటించారు, 1983 మార్చిలో నగర బోర్డు ఖాయం చేసింది.

బిల్డర్ల బెడద తప్పినా తుప్పు తప్పలేదు. పైకి మెరిసేది స్టెయిన్‌లెస్ స్టీలే గానీ, దాని వెనక అద్దాలను పట్టుకున్న ఫ్రేములు మామూలు ఉక్కువి. నీరు దిగి, తుప్పు ఉబ్బి, అద్దాలు పగిలాయి. వాటి చోట వేసినవి ఒక్కోటీ ఒక్కో రంగు. 1990ల కల్లా పాత అద్దాల్లో మిగిలినవి బహు కొద్ది. 1998లో ఆర్‌ఎఫ్‌ఆర్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ చేతికి వచ్చాక, అదే ఎస్‌ఓఎం 2001 కల్లా గాజు గోడ మొత్తం మార్చేసింది. ఈసారి లోపల అల్యూమినియం పెట్టి, పైకి పాత పోలికే ఉంచింది.

ఇక కాపాడిందేమిటని అడిగేవాళ్లున్నారు. నా లెక్కలో ఇక్కడ విలువ అద్దం ముక్కలది కాదు, ఆ కొలతలది, కింద వదిలిన ఆ ఖాళీది. 1961లో నగరం నిబంధనలు తిరగరాసి, ముందు ఖాళీ జాగా వదిలితే పైన ఎక్కువ కట్టుకోనిచ్చింది. ఆ వీధికి అటువైపు 1958లో వచ్చిన సీగ్రామ్ బిల్డింగ్‌తో పాటు లీవర్ హౌస్ కూడా ఆ మార్పుకి దారి వేసింది.