లేని విమానానికి రంగులు

అల్వాల్,
ఆదివారం.

మా పెద్దదానికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ప్లాస్టిక్ విమానం బొమ్మ కిట్ అతికించడం పూర్తయిందని మీ అమ్మ ఫొటోలు పంపింది. రెక్కలు చక్కగా కుదిరాయి. ముక్కు కింద అతుకు మాత్రం ఇంకా కనిపిస్తోంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు చిన్నోడి ప్రశ్న. "అసలు లేని విమానమే కదా, ఏ రంగు వేస్తే ఏంటి?" అన్నాడట, పెద్దది కసిరిందట. కసరక్కర్లేదమ్మా, మంచి ప్రశ్నే. ఫోన్‌లో చెబుదామంటే మీలో ఒకరు వింటుంటే ఇంకొకరు ఫోన్ లాక్కుంటారు. అందుకే ఉత్తరం.

నిజమే, ఏ రంగైనా వేయొచ్చు. వంకాయ రంగు వేసినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ విమానానికి రూపం ఇచ్చినాయన అలా అనుకోలేదు. మీ డబ్బాలో ఉన్నది వీఎఫ్-1 వాల్కిరీ. 1982లో జపాన్ టీవీలో మొదలైన మాక్రాస్ అనే యానిమేషన్ సీరియల్ కోసం షోజీ కవమోరి గీసింది. అమెరికా నౌకాదళం వాడిన ఎఫ్-14 టామ్‌క్యాట్‌ని దగ్గర పెట్టుకుని గీశాడు. వెనక్కి ముడుచుకునే రెక్కలు, రెండు నిలువు తోకలు, ఎడంగా కూర్చున్న రెండు ఇంజన్లు, అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. రోబోగా మారినప్పుడు ఆ ఇంజన్లే కాళ్ళవుతాయి. ఆ ఒక్క ఆలోచనకి ఆయనకి దండం పెట్టొచ్చు.

ఎఫ్-14లు 1970లలో కొత్తగా వచ్చినప్పుడు పైన లేత బూడిద, కింద తెలుపు, తోకల మీద స్క్వాడ్రన్ గుర్తులు ధగధగలాడుతూ ఉండేవి. తర్వాత శత్రువు కంట పడకూడదని ఆ హంగులు తగ్గించి, 80లలో ఒళ్ళంతా మసక బూడిద పూసేశారు. వాల్కిరీ రంగులు చూస్తే ఆ మొదటి రోజుల హంగే గుర్తొస్తుంది. పైగా టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి ఏ విమానంలో ఎవరున్నారో చూడగానే తెలియాలి. అందుకే కుర్ర హీరోకి తెలుపు మీద ఎరుపు, అతని పై ఆఫీసర్‌కి తెలుపు మీద పసుపు నలుపు చారలు, పేరు కూడా చెప్పని పైలట్లకి మట్టి రంగు. మట్టి రంగువాళ్ళ గతి ఏమవుతుందో సీరియల్ చూస్తే మీకే తెలుస్తుంది. మన సూర్యకిరణ్ జట్టు విమానాలు ఎరుపు తెలుపుల్లో ఉండేది కూడా కింద నిలబడ్డ జనానికి స్పష్టంగా కనపడాలనే. యుద్ధానికి వెళ్ళే విమానానికి ఆ రంగులు వెయ్యరు.

కాబట్టి చిన్నోడా, వంకాయ రంగే వేసుకో. ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు అంటే మాత్రం నీ దగ్గర జవాబుండాలి. జవాబుంటే వంకాయే కరెక్ట్.

ఇప్పుడు లెక్క. కిట్ మీద 1/72 అని ఉంది. కథలో వాల్కిరీ పొడవు సుమారు 14 మీటర్లు, 72తో భాగిస్తే 20 సెంటీమీటర్ల లోపు. ఇది మీకు తెలిసిందే. కళ్ళకీ ఇదే లెక్క ఉందని చాలామంది మర్చిపోతారు. బొమ్మని 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తున్నామంటే అసలు విమానాన్ని 21 మీటర్ల పైచిలుకు దూరం నుంచి చూస్తున్నట్టు లెక్క. అంత దూరంలో ఉన్న విమానం మీద తెలుపూ, నలుపూ అంత గట్టిగా కనిపించవని మోడల్స్ చేసేవాళ్ళు అంటారు. అందుకే సీసాలోని పచ్చి తెలుపు అలాగే పూస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. రెండు మూడు చుక్కల బూడిద కలపండి. నలుపు బదులు ముదురు బూడిద వాడండి. పక్కన ఇంకేదీ లేనప్పుడు అదే నలుపుగా కనిపిస్తుంది.

ఒంటి మీది సన్న గీతల లెక్క ఇంకా కఠినం. బొమ్మ మీద గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లే అనుకుందాం. 72తో హెచ్చవేస్తే 14 మిల్లీమీటర్లు దాటుతుంది. అసలు విమానంలో రెండు రేకుల మధ్య వేలు దూరే సందు ఉంటుందా? ఆ గీతల్లో నల్ల సిరా నింపితే బాత్‌రూమ్ టైల్స్ మధ్య సిమెంట్ పట్టించినట్టు ఉంటుంది. తెల్ల విమానానికి లేత బూడిద చాలు. కదిలే భాగాల చుట్టూ, అంటే ఫ్లాప్స్, చక్రాల తలుపులు, ఇంకొంచెం ముదురు. ఇంటర్నెట్‌లో కనిపించే నల్ల గీతల మోడల్స్ కొందరికి ఇష్టం. నాకు నచ్చవు.

రంగు మొదలుపెట్టే ముందు మన ఊరి గాలి గురించి తెలుసుకోవాలి. జపాన్ కంపెనీ కాగితంలో ఇది రాయదు. వేసవి మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు నాజిల్ నుంచి బొమ్మదాకా వచ్చేలోపే సగం ఆరిపోయి పొడిగా పడుతుంది, చేత్తో రాస్తే గరగరలాడుతుంది. తెల్లారి ఎండ ఎక్కకముందే పని ముగించాలి, లేదా రంగు నిదానంగా ఆరేలా చేసే రిటార్డర్ నాలుగు చుక్కలు కలపాలి. ముసురు పట్టిన రోజుల్లో బాధ ఇంకొకటి. లాకర్ అంటే థిన్నర్‌తో పల్చన చేసి వాడే, త్వరగా ఆరే రంగు. అందులో థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది, గాలిలో చెమ్మ అక్కడ దిగి రంగులో చిక్కుకుంటుంది, పైన తెల్లటి మసక పడుతుంది. అలాంటి రోజు లాకర్ జోలికి పోకండి, ఎంత తొందరున్నా సరే. మసక పడిందా, పూర్తిగా ఆరనిచ్చి, పొడి రోజు చూసి రిటార్డర్ కలిపిన థిన్నర్ పల్చగా కొడితే చాలావరకు పోతుంది.

థిన్నర్ అన్నాను కదా అని రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఎన్‌సీ థిన్నర్ తేవద్దు. అది చెక్కకీ ఇనుముకీ వేసే రంగుల కోసం, మీ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. రంగు ఏ కంపెనీదైతే థిన్నర్ కూడా ఆ కంపెనీదే వాడండి. అదే షాపులో వాటర్ పేపర్ మాత్రం తెచ్చుకోండి, 800, 1000 నంబర్లవి, చవకే. ముక్కు కింద అతుకుని నీళ్ళతో తడిపి దాంతో రుద్దండి. రంగుకి ముందు అడుగున వేసే బూడిద ప్రైమర్ పల్చగా ఒక పూత వెయ్యగానే అతుకు పోయిందో లేదో అదే చెబుతుంది. పోకపోతే మళ్ళీ రుద్దడమే. స్ప్రే చేసేది బాల్కనీలో, మాస్క్ పెట్టుకుని, వంటింటికి దూరంగా. ఇందులో బేరాల్లేవు.

తెలుపు వెయ్యడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది కింది రంగుని త్వరగా కప్పదు. ఒకేసారి కప్పేయాలని దట్టంగా కొడితే కారుతుంది, గీతలు పూడిపోతాయి. మొదటి పూతలో బూడిద కనిపిస్తూనే ఉంటుంది, ఉండనివ్వండి. మూడో నాలుగో పూతకి తెలుపు తనంతట తనే నిలబడుతుంది. ఆఫీసర్ రంగులే వేస్తుంటే, అది బాగా ఆరాక మాస్కింగ్ టేప్ వేసి పసుపు, ఆ తర్వాత మళ్ళీ టేప్ వేసి నలుపు. ఎప్పుడూ లేత నుంచి ముదురుకే. పసుపు కొట్టే ముందు టేప్ అంచు మీద ముందు వేసిన తెలుపే ఒకసారి పల్చగా కొట్టండి. అంచు కింద సందులుంటే ఆ తెలుపే దూరి మూసేస్తుంది, తర్వాత వచ్చే పసుపుకి దారి ఉండదు. టేప్‌ని పైకి లాగకండి, దాని మీదికే మడిచి నెమ్మదిగా వెనక్కి తియ్యండి.

ఇక డెకాల్స్. పెద్దదానికి టెన్షన్ అంతా దీని గురించేనట. డెకాల్ అంటే సన్నటి పారదర్శక పొర మీద అచ్చేసిన బొమ్మ. ఆ పొరకీ కాగితానికీ మధ్య నీళ్ళలో కరిగే జిగురు ఉంటుంది. కింద రంగు గరుకుగా ఉంటే ఆ గుంటల్లో గాలి చిక్కుకుని, వెలుతురులో పొర వెండిలా మెరుస్తుంది, దూరం నుంచే స్టిక్కర్ అని తెలిసిపోతుంది. అందుకే డెకాల్ వేసే ముందు మొత్తం విమానానికి గ్లాసీ క్లియర్, అంటే మెరుపునిచ్చే పారదర్శక పూత కొట్టి నున్నగా, మెరిసేలా చెయ్యాలి. చివర్లో మెరుపు తీసేసి మాట్ చేస్తాం కదా, ఇప్పుడెందుకు మెరుపు అనకండి. ఈ మెరుపు డెకాల్ కోసం.

నీళ్ళు కుళాయివి వద్దు. మీ దిల్‌సుఖ్‌నగర్‌లో బోరు నీళ్ళు ఆరితే బకెట్ అంచున తెల్లగా ఏం మిగులుతుందో చూశారుగా, అదే మీ నల్ల చార మీదా మిగులుతుంది. ఆర్వో నీళ్ళు గిన్నెలో పొయ్యండి, గోరువెచ్చగా ఉంటే మేలు. ఒక్కో గుర్తుని విడిగా కత్తిరించి, ట్వీజర్స్‌తో పది పదిహేను సెకన్లు ముంచి తీసి, టిష్యూ మీద పెట్టండి. నీళ్ళలోనే వదిలేస్తే జిగురంతా కరిగిపోతుంది. ఒక నిమిషం ఆగి వేలితో కదిపితే కాగితం మీద జారుతుంది. అప్పుడు విమానం మీద ఆ చోట మార్క్ సెట్టర్, అంటే డెకాల్ బాగా అతుక్కోవడానికి వాడే ద్రవంతో తడి చేసి, కాగితాన్ని ఆనించి, కాగితాన్నే కింద నుంచి లాగెయ్యండి, డెకాల్‌ని లాగొద్దు. తడి ఉన్నంతసేపూ అటూ ఇటూ జరుపుకోవచ్చు. కుదిరాక తడిపిన ఇయర్ బడ్‌ని మధ్య నుంచి అంచులకి దొర్లిస్తూ నీళ్ళు బయటికి తొయ్యండి. రుద్దడం కాదు, దొర్లించడం.

వంపులున్న చోట, గీత మీదుగా పోయే చోట డెకాల్‌ని మెత్తబరిచే మార్క్ సాఫ్టర్ అనే ద్రవం పైనుంచి పల్చగా రాయండి. పెద్దదానా, ఇక్కడ జాగ్రత్తగా చదువు. రాసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడుతుంది, పాడైపోయింది అనిపిస్తుంది, వేలు దానంతట అదే అటు పోతుంది. పోనివ్వకు. పొర అప్పుడు మెత్తబడి ఉంటుంది, తాకితే చిరుగుతుంది. గదిలోంచి వెళ్ళిపో, తమ్ముడితో పోట్లాడుకో, ఏదైనా చెయ్యి. ఆరేకొద్దీ ముడతలు విచ్చుకుని, పొర గీతల్లోకి దిగి, రంగుతోపాటు పుట్టినట్టు కూర్చుంటుంది. మర్నాడు ఎక్కడైనా వెండి మెరుపు మిగిలితే సూదితో రెండు మూడు పోట్లు పొడిచి, అక్కడ ఇంకొక చుక్క సాఫ్టర్.

తోక మీద పుర్రె గుర్తు, రెక్క మీద యూఎన్ స్పేసీ (కథలోని అంతరిక్ష సైన్యం పేరు) అన్న పెద్ద అక్షరాలు, ఇవి వెయ్యడానికి మీరిద్దరూ కొట్టుకుంటారని తెలుసు. వెయ్యండి. కానీ షీట్ అంచుల్లో చీమతలంత అక్షరాలున్నాయి చూశారా, వాటికి భూతద్దం కావాలి. ఇక్కడ కాలు పెట్టొద్దు అని కొన్ని, గాలి లాక్కునే మూతి దగ్గరికి రావద్దని కొన్ని, పైలట్‌ని బయటికి తియ్యాలంటే ఎక్కడ నొక్కాలో చూపే బాణం, ఎగిరిపోయే సీటు ఉందని హెచ్చరించే త్రికోణం. అసలు యుద్ధ విమానాల మీద ఇవన్నీ ఉంటాయి. అవి పైలట్ కోసం కాదు, నిచ్చెన వేసే మెకానిక్ కోసం, మంటలార్పడానికి పరిగెత్తుకొచ్చేవాడి కోసం. చాలామంది విసుగొచ్చి ఇవి వదిలేస్తారు. నన్నడిగితే పుర్రె వదిలేసినా పరవాలేదు, ఇవి వదలకూడదు. పుర్రె ఉంటే అది పేరున్న పైలట్ విమానమని తెలుస్తుంది. కాలు పెట్టొద్దు అని ఉంటే ఆ రెక్క మీద ఎవరో కాలు పెట్టబోయారని తెలుస్తుంది.

డెకాల్స్ ఆరాక మళ్ళీ ఒక పల్చటి క్లియర్, దాని మీద ఇందాక చెప్పిన బూడిద గీతలు ఎనామెల్ అనే రంగుతో. కింద క్లియర్ లాకర్ అయితే ఎనామెల్ థిన్నర్ దాన్ని ఏమీ చెయ్యదు, ఎక్కువైంది ఇయర్ బడ్‌తో తుడిచెయ్యొచ్చు. మరకలు వెయ్యాలని ఉంటే మళ్ళీ చిన్నోడి ప్రశ్నే: ఎందుకు? అంతరిక్షంలో బురద లేదు, వాన లేదు. అదే విమానం గాలిలో ఎగిరినప్పుడు కారిన నూనె ముక్కు నుంచి తోక వైపు సాగుతుంది. నేల మీద ఆగి ఉంటే కిందికి కారుతుంది. బరువే లేని చోట కిందా పైనా ఉండవు, అక్కడ నిలువు ధార గీస్తే అబద్ధం. పైలట్ ఎక్కే చోట పెయింట్ అరగడం, ఇంజన్ మూతుల దగ్గర వేడికి కమిలిన రంగు, ఇవి ఎక్కడైనా నిజమే. కొంచెం చాలు.

చివరగా మాట్ క్లియర్. పైలట్ మీద అద్దానికి టేప్ ఉండగానే కొట్టండి, లేకపోతే అద్దం మసకబారుతుంది.

ప్రైమర్, తెలుపు మీ ఇంట్లోనే కానిచ్చి బాగా ఆరబెట్టుకోండి. వచ్చే ఆదివారం అల్వాల్ వచ్చెయ్యండి, సెట్టర్, సాఫ్టర్ నా దగ్గరే ఉన్నాయి. డెకాల్ షీట్ మాత్రం మడత పెట్టకుండా, ఏదైనా పుస్తకం మధ్యలో పెట్టి తీసుకురండి. అమ్మమ్మ సర్వపిండి చేస్తానంది. తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కునే బొమ్మ ముట్టుకోవాలి, నూనె అంటితే రంగు పట్టదు.

ఇట్లు,
తాతయ్య